అలుగు ఫొటోలో కొసరు

మొన్న మా తమ్ముడి మనవరాలు స్వప్న వచ్చి, నా పక్కన కూర్చుని ఫోనులో ఫొటోలు చూపించింది. ఆ పిల్ల అడవి జంతువుల మీద చదువు చదువుతోంది. ఉట్నూరు పక్క అడవుల్లో చెట్లకు కెమెరాలు కట్టి వస్తారట. ముందు నుంచి ఏది కదిలినా కెమెరా తనంతట తానే ఫొటో తీసుకుంటుందట. రాత్రయినా, వానయినా, పక్కన మనిషి ఉండనక్కర్లేదట. వేలితో తోస్తూ పోయింది. అడవిపంది, అడవిపంది, ఎవరిదో తప్పిపోయిన ఆవు, ఆ ఆవు తోక, గాలికి ఊగిన కొమ్మ, మళ్ళీ అడవిపంది. పనికిరాని సరుకంతా ముందు పరిచి, మంచిది అడుగున దాచుకునే వ్యాపారి వరసలా ఉంది. చివరకు ఒకచోట వేలు ఆపి, "ఇగో పెద్దతాతా, దీని కోసమే ఇంత తిరుగుడు" అంది.

అలుగు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ముంగిస కంటే పెద్దది, ఊరకుక్క కంటే పొట్టిది, నెత్తి నుంచి తోక కొస దాకా ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒంటినిండా పొలుసులు. పుట్టలు తవ్వి చెదలూ చీమలూ తింటుంది. పొద్దుగూకితే తప్ప బయటికి రాదు. బెదిరిందంటే బంతిలా చుట్టుకుంటుంది, ఇక దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు.

"నా దగ్గర గూడ ఒకటుంది" అన్నాను.

"ఏంది, అలుగా?"

"అలుగు ఫొటో. మీ నాయన పుట్టకముందుది. బల్బు కాల్చి తీసింది."

దుకాణానికి వచ్చిన కొత్త గిరాకీ నన్ను చూసినట్టు చూసింది. ఈ మనిషి చెప్పేదాంట్లో ఎంత తీసేస్తే అసలు ధర తేలుతుందా అని. "ఏది, చూపియ్యి" అంది. నేనూ దుకాణంలో పుట్టినవాణ్ణే. "ఛాయ్ తాగు, చెప్త. సరుకు ముందే చూపిస్తే కథ ఎవరింటరు" అన్నాను.

మాది లక్షెట్టిపేటలో దుకాణం. ఉప్పు నుంచి ధోతుల దాకా అన్నీ అమ్మేవాళ్ళం. పొద్దున్నే మా నాన్న, బాపు అనేవాళ్ళం, వాకిట నీళ్ళు చల్లించి, తక్కెడకు బొట్టుపెట్టి, ఊదుబత్తి వెలిగించి గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఏదీ అడగకూడదు. అవ్వ, అంటే మా అమ్మ, కూడా ఉప్పు కావాలంటే గుమ్మం దగ్గర నిలబడి దగ్గేదే తప్ప నోరు తెరిచేది కాదు. ఎండుమిరపకాయల ఘాటు, గ్యాసునూనె వాసన, బెల్లం దిమ్మెల తీపి, వాటి మీదుగా ఊదుబత్తి పొగ. ఇవి కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఏ పాత దుకాణం ముందు నుంచి పోయినా నా కాళ్ళు వాటంతట అవే చెప్పులు విడుస్తాయి. అప్పుడప్పుడే సేర్లు పోయి కిలోలు వస్తున్నాయి. బాపు గిరాకీ ముందు కిలో రాయి పెట్టేవాడు గానీ మనసులో మాత్రం సేర్లలోనే తూచుకునేవాడు.

ఆయనకు రెండు పట్టింపులుండేవి. ఏ బస్తా దిగినా ముందు దాంట్లోంచి పిడికెడు తీసి, కాగితంలో పొట్లం కట్టి ఒక తగరపు డబ్బాలో వేయాలి. దాన్ని మచ్చు అంటారు. రేపు సరుకులో తేడా వస్తే పంపినవాడి ముందు విప్పి చూపడానికి. మచ్చును అమ్మరు, వండరు, ఎవరికీ ఇవ్వరు. ఒకసారి చుట్టాలొచ్చినప్పుడు చక్కెర నిండుకుంటే అవ్వ మచ్చు పొట్లం విప్పింది. బాపు అలిగి ఆ పూట అన్నం మానేశాడు. అవ్వ ఆ అన్నం కూడా చుట్టాలకే పెట్టి, బయటి నుంచి ఏదీ తేకుండా గడిచిందని సంతోషించింది. రెండో పట్టింపు పరీక్ష. చింతపండు నాలుక మీద, బియ్యం పంటికింద, ధోతి రెండు చేతులతో లాగి వెలుతురులో. టార్చిలైటు బల్బయితే, చెక్కముక్క మీద సెల్లులు కట్టి తయారు చేసుకున్న సాధనం మీద తీగెలు తగిలించి, వెలిగితేనే గిరాకీ చేతిలో పెట్టేవాడు. నేను ఫొటోలు కడగడానికి తెప్పించుకున్న హైపో పలుకులు పటికబెల్లంలా కనిపిస్తే, వాటినీ నాలుక మీద వేసుకుని చూశాడు. ఊశాక కూడా, "మాల్ మంచిదే, కొంటరా అనేదే అనుమానం" అన్నాడు.

కెమెరా సంగతి చెప్పలేదు కదా. తాలూకా కచేరీలో పనిచేసి బదిలీ మీద పోతున్న ఒక పెద్దమనిషి ఇంటి సామాను అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. బేరంలో నన్ను మించినవాడు లేడని అప్పటికే నాకు గట్టి నమ్మకం. ఆయన ఒక మాట చెప్పాడు, నేను సగానికి దించాను. ఆయన సరేనన్నాడు. ఇంత తొందరగా సరేనన్నాడంటే ఇంకా దిగుతాడని మళ్ళీ దించాను. అలా దించగా దించగా ఆయనకు విసుగొచ్చి, "లేజావ్ బాబూ, ఉత్తగనే తీస్కపో, నాకు బండికి టైమైతుంది" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. "ఉత్తగయితే దాంతోని ఇంకేమిస్తరు?" అని అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వి, మూడుకాళ్ళ స్టాండు, బల్బు కాల్చే పళ్ళెం కూడా ఇచ్చాడు. పెట్టె విప్పి చూపించడానికి ఆయనకున్న ఓపిక అంతే. ఎలా వాడాలో చెప్పకుండానే బండెక్కాడు.

ఆ కెమెరాతో నేను దుకాణం పక్కనే ఫొటో స్టూడియో పెడతానన్నాను. జమ్మికుంట మార్కెట్లో మా మేనమామకు పత్తి అడ్తి, అంటే కమీషను వ్యాపారం, ఉంది. నన్ను అక్కడ కూర్చోబెట్టాలని బాపు ఎప్పుడో మాటిచ్చేశాడు. నాకు పత్తి చూస్తే తుమ్ములు. మామ దగ్గరికి చుట్టపుచూపుగా పోయినా ముక్కు ఎర్రగా వాచి వచ్చేవాణ్ణి. జీవితమంతా తుమ్ముతూ బతకడమా, ఫొటోలు తీసుకుంటూ బతకడమా అన్నది తేలాలి.

బాపు నన్ను సరుకులాగే పరీక్ష పెట్టాడు. "పెండ్లి ఫొటోలు కరీంనగర్ల తీస్తలేరా? మంచిర్యాలల తీస్తలేరా? నీ కాడ ఏమున్నది కొత్తగ? ఎవ్వల కాడ లేని మాల్ తే, అప్పుడు మాట్లాడుదాం. లేకుంటే జమ్మికుంట పో, మీ మామ ఎదురుచూస్తుండు."

ఆ మాట అంటున్నప్పుడు దుకాణం అరుగు మీద లచ్చుబాయి కూర్చుని ఉంది. ఉట్నూరు దోవలో గూడెం ఆమెది. సారపప్పు, బంక, చింతపండు తెచ్చి మాకు అమ్మి, ఉప్పూ నూనే తీసుకుపోయే గోండు ముసలమ్మ. బాపుకు ఆమెకు పాతికేళ్ళ బేరం. ఇద్దరూ ఒకరినొకరు మోసగాళ్ళని పిలుచుకోకుండా ఏ కొలతా పూర్తయ్యేది కాదు. ఆమె ఆకువక్క దవడన పెట్టుకుని, "మా చేనుకాడి పుట్టకు అలుగొస్తది సేటు. తీస్తడా నీ కొడుకు?" అంది.

"అలుగా? దాన్ని చూసినోడే లేడు" అన్నాడు బాపు.

"నేను చూసిన."

"నువ్వు నా తక్కెడల రాయి గూడ చూసిన అన్నవ్."

"అది గూడ చూసిన" అంది లచ్చుబాయి. "పొల్లగాన్ని పంపు, చూపిస్త. గని ఒకటి. నువ్వు ఎప్పుడన్న మా గూడెం వస్తే, ఆడ కొలిసేది మా కుంచంతోనే."

తను ఎప్పుడూ పోయేది లేదు గనక బాపు పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. నాతో, "అలుగు ఫొటో తే. దుకాణంల జాగ ఇస్త" అన్నాడు. ఎంత జాగ అని అడగడం మరిచిపోయాను. ఉత్తగ వచ్చినదానికి కూడా కొసరు అడిగినవాణ్ణి, బతుకంత బేరం దగ్గర కొలత మాట్లాడుకోలేదు.

రాత్రి ఫొటోకు ఫ్లాష్ బల్బులు కావాలి. పట్నం పోయే లారీ డ్రైవరుతో ఒక పెట్టె తెప్పించాను. కోడిగుడ్ల లాగా అట్టగూళ్ళలో పేర్చి ఉంటాయి. లోపల సన్నటి తీగెల గూడు. కరెంటు తగలగానే మెరుపులా మండి, ఆ ఒక్కసారితో పని అయిపోతుంది. పెట్టె వచ్చిన రోజు నేను ఊళ్ళో లేను. ధర్మపురికి కొబ్బరికాయల బండి వెంట పోయాను. తిరిగొచ్చేసరికి మా దుకాణం ముందు జనం. అందరూ కళ్ళు నులుముకుంటున్నారు.

"రా రాజేశా" అన్నాడు బాపు. "నిన్ను నిలువున ముంచిండ్రు పట్నపోళ్ళు."

"ఏమైంది బాపు?"

"ఒక్క బల్బు నిలవడి ఎలుగలే. తీగె తగిలిచ్చుడు, భగ్గుమనుడు, ఆరిపోవుడు. మళ్ళ తగిలిస్తే ఏం లేదు. అన్నీ గంతే."

"అన్నీ చూసినవా?"

"చూడకుంట ఎట్ల తీసుకుంట? ఒక్కటన్న మంచిది ఎల్తదేమోనని ఆఖరు దాక చూసిన."

జనంలోంచి ఎవరో, "సావుకారీ, ఇంకోటుంటె ఎలిగియ్యరాదు, మా తమ్ముడు ఇప్పుడే వచ్చిండు" అన్నారు.

అవి ఒక్కసారే వెలుగుతాయని చెప్పాను. బాపు నమ్మలేదు. "ఒక్కసారి ఎలిగేది బల్బెట్లయితది? అగ్గిపుల్లంటరు దాన్ని."

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "నువ్వు అగ్గిపెట్టె కొంటే పుల్లలన్నీ గీసి చూసి కొంటవా?"

నేను ఉప్పుబస్తా మీద కూలబడ్డాను. ఎదురుగా జమ్మికుంట మార్కెట్ యార్డు తెల్లగా కనిపించింది. పత్తి లేకుండానే తుమ్మొచ్చింది. మళ్ళీ తెప్పించాలంటే నా దగ్గర ఏమీ మిగల్లేదు. మామేమో దసరా పోగానే రమ్మని కబురు మీద కబురు పెడుతున్నాడు.

అవ్వ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాపు వైపు తిరిగి, "మరి మచ్చు తియ్యలేదా?" అని అడిగింది.

బాపు చెయ్యి తగరపు డబ్బా మీదికి పోయింది. తీయకుండా ఎలా ఉంటాడు? పెట్టె విప్పగానే, పరీక్ష మొదలుపెట్టక ముందే ఒకటి తీసి, కాగితంలో చుట్టి, మిరపకాయల పొట్లానికీ పెసరపప్పు పొట్లానికీ మధ్య పెట్టాడు.

"ఇయ్య" అన్నాడు. "మచ్చు కదిలియ్యద్దు. పట్నపోని ముందట పెట్టి, ఇగో నీ మాల్ అనాలె."

"మాల్ ఖరాబ్ కాదు బాపు."

"అది నీ మాట. సాక్ష్యమేది?"

"ఫొటో వస్తే అదే సాక్ష్యం."

అది ఆయనకు తగిలింది. గడ్డం గోక్కున్నాడు. "సరే. గని మచ్చు నా చేతుల్నే ఉంటది. నేను గూడ వస్త."

అలా మా బాపు అడవికి బయలుదేరాడు. అవ్వ జొన్నరొట్టెలు, సకినాలు, ఎల్లిపాయకారం మూటగట్టింది. బాపు బల్బును దూదిలో చుట్టి బనీను జేబులో పెట్టుకున్నాడు. జన్నారం బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంటున్నాడు. పక్కనున్నాయన, "ఛాతీల నొప్పా సావుకారీ? జర పండుకోండ్రి" అని జాగా ఇచ్చాడు. "నొప్పి గాదు, మచ్చు" అన్నాడు బాపు. ఆయనకేం అర్థమైందో, దిగేదాకా మావైపు మళ్ళీ చూడలేదు.

గూడెంలో లచ్చుబాయి కుంచం కడిగి, బొట్టుపెట్టి, వాకిట్లో సిద్ధంగా ఉంచింది. బాపు దాన్ని ఎత్తి లోపలికి తొంగిచూసి, అడుగు తట్టి చూసి, "గిది కుంచమా, గోలెమా?" అన్నాడు. "మాటిచ్చినవ్ సేటు" అంది ఆమె. ఆ రోజు బాపు తన జన్మలో మొదటిసారి కొనేటప్పుడు కాకుండా అమ్మేటప్పుడు నిండుగా కొలిచాడు. అమ్మడానికి వెంట తెచ్చిన ఉప్పంతా కుంచంలోకి పోయింది. ముఖం మాత్రం మచ్చు పొట్లం చక్కెర పోయిన నాటిలా ఉంది.

చేను గట్టు మీద పుట్ట. దాని పక్కన కొత్తగా గీరిన ఎర్రమట్టి. వెలుతురుండగానే స్టాండు పాతాను. నా కెమెరాలో కంటితో చూసి సరిచేసే వీలు లేదు. వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ అంకె మీద ముల్లు పెట్టాలి. కెమెరా కన్ను పూర్తిగా తెరిస్తే గానీ ఒక్క బల్బు వెలుగు చాలదు, అలా తెరిస్తే కొలిచిన దూరంలో ఉన్నదే స్పష్టంగా పడుతుంది గనక ఆ కొలత తప్పకూడదు. బాపు గజంబద్ద తెచ్చాడు. ధోతులు కొలిచే చెయ్యి, నాకంటే ఆయనే నయమనుకున్నాను. పుట్ట నుంచి కెమెరా దాకా బద్ద వేసుకుంటూ వచ్చి, "నాలుగు గజాలు" అన్నాడు. నేను ముల్లు అక్కడ పెట్టాను. చీకటి పడుతుండగా బాపు బనీనులోంచి బల్బు తీసి, కళ్ళకద్దుకుని, నా చేతికిచ్చాడు.

మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పాను. అది ఆయనకు చేతకాని పని. దోమ కుడితే దోమను తిట్టాడు. పొద ఏదో కదిలితే, "ఎంత బరువుంటదిరా అలుగు?" అని గుసగుసలాడాడు. "సేటు, నీ నోరు మూస్తే వస్తది. అప్పుడు నువ్వే తూచుకో" అంది లచ్చుబాయి. కందిలి ఆర్పేశాం. పైన సన్నటి నెలవంక, కంటికి పొడగట్టీ పొడగట్టనంత వెలుతురు. స్టాండు పక్కన నేను, వెనకాల వాళ్ళిద్దరూ.

ముందు చప్పుడు వచ్చింది. ఎవరో పాత గోనెసంచిని నింపాదిగా చింపుతున్నట్టు. పుట్ట పక్కన చీకటి కొంచెం గుండ్రంగా అయింది. అది కదిలింది, ఆగింది, మళ్ళీ చింపింది. బాపు గుసగుస ఆగిపోయిందని అప్పుడు తోచింది గానీ, ఎందుకు ఆగిందో ఆలోచించే తీరిక లేదు. నొక్కాను.

లోకమంతా ఒక్కసారి తెల్లబడింది. పుట్ట, ఎర్రమట్టి, పొలుసు పొలుసునా మెరిసే వీపు, దోసిలి పట్టినట్టు ముందుకాళ్ళు. మధ్యలో ఏదో తెల్లగా. బల్బు పొగేమో అనుకున్నాను. వెంటనే చీకటి, కళ్ళలో ఆకుపచ్చ మచ్చలు. ఆ చీకట్లోంచి బాపు గొంతు వినిపించింది, వెనక నుంచి కాదు, ముందు నుంచి.

"రాజేశా, ఎంత ముద్దుగున్నది రా."

బాపు ఏ సరుకునూ నోరారా మెచ్చుకోగా నేను అదివరకు వినలేదు. మెచ్చుకుంటే ధర పెరుగుతుందని, నా తొట్టెల నాడు కూడా "ఏదో ఉన్నడు" అన్నాడని అవ్వ చెప్పేది.

కందిలి వెలిగిస్తే, అలుగు బంతిలా చుట్టుకుని ఉంది. దానికి ఎదురుగా బాపు మోకాళ్ళ మీద. "ఇగ లెండి, మనం పోతేనే అది ఇప్పుకుంటది" అంది లచ్చుబాయి. ఆయన లేవలేదు. కాసేపు చూస్తానన్నాడు. చివరకు చెరోపక్క పట్టుకుని లేపాం. చేను ఇవతలికి వచ్చాక, వెనక ఆకుల్లో చిన్న అలికిడి అయి, గోనెసంచి మళ్ళీ చిరగడం మొదలైంది. బాపు నిలబడి విన్నాడు. ఇంటికి పోయేదాకా సకినాల మూట నా చేతికి ఇవ్వకుండా తనే మోశాడు. ఎందుకో తెలీదు, సంతోషమొస్తే ఆయనకు ఏదో ఒకటి మొయ్యాలి.

ఫొటో మా దుకాణంలో బెల్లం నిలవుంచే చీకటి కొట్లో కడిగాను. అవ్వ గిన్నెలు పట్టుకుంది. కాగితం మీద మెల్లగా పుట్ట తేలింది, అలుగు తేలింది. ఆకారం నిండుగా ఉంది గానీ పొలుసులు కొంచెం మసక. పక్క నుంచి చేతుల మీద ముందుకు వంగి, రుమాలు జారి, నోరు తెరుచుకుని బాపు. ఆయన మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం.

"ఎట్ల కొలిచినవ్ బాపు?"

"మంచిగనే కొలిచిన. గిరాకీ అయితే గజానికో బొటనవేలు గుంజుకుంట. కొడుకువు గదా, గజానికో బెత్తెడు కొసరేసిన."

ఆ బెత్తెళ్ళన్నీ కలిసి ముల్లు అలుగుకు ఇవతలే ఆగింది. సరిగ్గా అక్కడికే బాపు పాకుతూ వచ్చాడు.

ఆయన ఫొటోను వెలుతురుకు పెట్టి, తిరగేసి, వాసన చూసి, "ఇందుల నేనెందుకున్న?" అన్నాడు.

"నువ్వే ఏసినవ్ గదా. కొసరు."

అవ్వ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. బాపు నవ్వకుండా తీర్పు చెప్పాడు. "బేరం అలుగుకు. నువ్వు తెచ్చింది సగం అలుగు, సగం నేను. దుకాణంల సగం తీసుకో."

"నువ్వున్న సగం గూడ నేను తెచ్చిందే."

"నేను అమ్మకానికి లేను" అన్నాడు. మాడిన బల్బును మళ్ళీ కాగితంలో చుట్టి మచ్చు డబ్బాలో వేశాడు. లారీ డ్రైవరు ఆగినప్పుడు, మాల్ మంచిదేనని పట్నం కబురు పంపాడు. జమ్మికుంటకు కబురు అవ్వ పంపింది.

నాకొచ్చిన సగం, బెల్లం ఉన్న సగం. దిమ్మెలు తీసేసినా వాసన పోలేదు, చీమలూ పోలేదు. పెళ్ళికూతుళ్ళు కుర్చీలో కూర్చుని కాళ్ళు దులుపుకునేవాళ్ళు. అలుగును పట్టుకొస్తే పూటకు బత్తెం దానికి ఇక్కడే దొరుకుతుంది అని బాపు గల్లాపెట్టె దగ్గర నుంచి అరిచేవాడు. ఆ చీమల మధ్యే నేను ముసలివాణ్ణయ్యాను. ఒక్కనాడు తుమ్మలేదు.

ఇంత విన్నాక స్వప్న ఛాయ్ గ్లాసు కింద పెట్టింది. నేను లోపలి గదిలో అద్దం కట్టించి గోడకు తగిలించిన ఫొటో చూపించాను. దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. ఆ పిల్లకు నేను చెప్పబోయే మాట ఒకటుంది. మాకు ఒక్కటే బల్బు గనక అందరం ఊపిరి బిగబట్టాం, మీకు లెక్కలేనన్ని ఫొటోలు, ఊపిరి ఎవరు బిగబడతారు అని. ఆ మాట నోట్లో ఉండగానే, "మా అలుగు స్క్రీన్ మీద కనవడ్డప్పుడు క్యాంపుల ఎవ్వలు మాట్లాడలే పెద్దతాతా. అన్నం గూడ తినలే" అంది. నేను ధర తగ్గించుకుని ఊరుకున్నాను. మొత్తం మీద వాళ్ళ కెమెరా మంచి సరుకే. అలుగు వీపు మీద పొలుసులు నా ఫొటోలో కంటే చక్కగా ఉన్నాయి. ఒక్కటే తేడా. వాళ్ళ ఫొటోలో అలుగును చూసి నోరు తెరిచినవాడు లేడు.

"ఒకటి తీసుకుంట" అని స్వప్న ఫోను ఎత్తింది. అడగలేదు, బేరమాడలేదు. నేను చూద్దామని పక్క నుంచి వంగాను. టిక్కుమంది. తెరమీద చూసుకుని నొసలు ముడిచింది. "అద్దంల నువ్వు పడ్డవ్. జరుగు, మళ్ళ తీస్త."

చూశాను. అలుగు, అలుగుకు ఎదురుగా బాపు, బాపు పక్కన అద్దంలో వంగి, నోరు తెరుచుకుని నేను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నాను. "కొసరు."